సెకండ్ హ్యాండ్ సైలెన్సర్ కారుకి బిగించాలంటే: కేసు పడకుండా, పొగ లీకవ్వకుండా

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి. అదంతా ఆవిరిగా తోక గొట్టంలోంచి బయటికి పోవాలి. అమలాపురంలోనో పాలకొల్లులోనో ఇంటి దగ్గర బయల్దేరి, మూడు కిలోమీటర్లు సెంటర్‌కి వెళ్ళి కూరలు కొనుక్కుని వచ్చేసే కారులో సైలెన్సర్ వెనక డబ్బా సరిగ్గా వేడెక్కకముందే ఇంజన్ ఆగిపోతుంది. ఆ ఆవిరి డబ్బాలోనే నీరుగా దిగి, పొగలోని ఆమ్లాలతో కలిసి రేకుని లోపలి నుంచి తినేస్తుంది. బయటి నుంచేమో ఉప్పుగాలి, రొయ్యల చెరువు గట్ల మీద చిమ్మే ఉప్పునీళ్ళు. డెల్టాలో సైలెన్సర్లు తొందరగా పోవడానికి కారణం ఇదే. సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు ఎక్కడ గుచ్చి చూడాలో కూడా ఇదే చెబుతుంది: అడుగున, అతుకు దగ్గర, వెనక డబ్బాలో.

మన వాడుకలో ఇంజన్ నుంచి తోక దాకా అంతా సైలెన్సరే. పని మొదలుపెట్టే ముందు దాన్ని విడదీసి చూడాలి. ఇంజన్‌కి ఆనుకుని మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒక గొట్టంలోకి చేర్చేది), దాని వెంటనే పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే క్యాట్, దానికి ముందొకటి వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు. తర్వాత వంగే ఫ్లెక్స్ పైపు. కొన్ని కార్లలో ఇది క్యాట్‌కి ముందే ఉంటుంది. ఆ తర్వాత మధ్య పైపు, ఉంటే రెసొనేటర్ అనే చిన్న డబ్బా, చివర పెద్ద డబ్బా, అంటే మఫ్లర్. క్యాట్ వెనక సెన్సర్ దాటాక వచ్చే మొదటి ఫ్లాంజ్ (రెండు పైపుల్ని బోల్టులతో కలిపే అంచు) దగ్గర మనసులో ఒక గీత గీసుకోండి. ఆ గీతకి ముందున్నది ముట్టుకోవద్దు. మార్చేదేదైనా దాని వెనకే. బీఎస్-6 (పొగ ప్రమాణాల దశ) డీజిల్ కారైతే మసిని వడగట్టే డీపీఎఫ్, దాని ప్రెషర్ గొట్టాలు, వేడి సెన్సర్లు అన్నీ గీతకి ముందున్నవే.

చట్టం సంగతి

ఆర్సీలో సైలెన్సర్ అనే గడి లేదు. కంపెనీ డబ్బా పోయి, అదే పని అదే తీరులో చేసే ఇంకో డబ్బా పెట్టుకుంటే అది రిపేరు. దానికి ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. చిక్కంతా శబ్దం పెరిగినప్పుడూ క్యాట్ పీకేసినప్పుడూ వస్తుంది.

మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో 182ఏ(4) వచ్చి చేరింది: అనుమతి లేని ప్రతి మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190(2) కింద మొదటిసారికి 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు. మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. కారు మీదైనా, సంక్రాంతికి తీసుకెళ్ళి కోడిపందేల బరి దగ్గర రేజ్ చేసింది మీ బావమరిదైనా, మార్పు చేయించినందుకు కేసు యజమాని మీదకే వస్తుంది.

కేంద్ర మోటారు వాహన నియమాల్లో మీ పనికి నేరుగా తగిలేవి మూడు. 120వ రూలు: ప్రతి బండికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాలి, శబ్దం పరిమితిలో ఉండాలి. 115వ రూలు: పొగ పరిమితులు, పొల్యూషన్ సర్టిఫికెట్. 113వ రూలు మెకానిక్కుల్లోనే చాలామందికి తెలియదు: పొగ గొట్టానికీ పెట్రోలు లైనుకీ మధ్య 35 మి.మీ. కన్నా దగ్గర ఉండకూడదు. ఈ మూడో దాన్ని గుర్తుపెట్టుకోండి, బిగించేటప్పుడు మళ్ళీ అవసరం. ఇవన్నీ కేంద్ర నియమాలే కాబట్టి యానాంలో పీవై-04 నంబరు వేయించినా తేడా లేదు.

ఇక 'ఏఆర్ఏఐ అప్రూవ్డ్' అన్న స్టిక్కరు. ఏఆర్ఏఐ అంటే బండ్లనీ వాటి భాగాల్నీ పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ. స్టిక్కరు ఎవరైనా ప్రింటు చేయించుకోవచ్చు. సర్టిఫికెట్ అనేది ఫలానా మోడల్‌కి, ఫలానా పార్టు నంబరుకి ఇస్తారు. అమ్మేవాడు ఆ కాగితం చూపించి, అందులోని నంబరు డబ్బా మీద కొట్టి ఉన్న నంబరుతో కలిస్తేనే నమ్మండి. 'రేసింగ్ యూజ్ ఓన్లీ', 'ఆఫ్ రోడ్' అని చెక్కి ఉన్నది ఎంత చవకైనా అక్కడే వదిలేయండి. రోడ్డు మీదకి పనికిరాదని దాన్ని చేసినవాడే రాసిపెట్టాడు.

కొనే ముందు మీ కారుని కొలవండి

ఆర్సీలో కారు ఏ బీఎస్ దశదో, పెట్రోలో డీజిలో, తయారైన నెలా సంవత్సరమూ చూసుకోండి. ఒకే పేరుతో అమ్మిన కారులో కూడా ఏళ్ళు మారితే ఫ్లాంజ్ మారుతుంది. కారు కిందకి దూరి నాలుగు కొలతలు కాగితం మీద రాసుకోండి: పైపు బయటి వ్యాసం (వెర్నియర్‌తో, టేపుతో కాదు), ఫ్లాంజ్ బోల్టు రంధ్రాల మధ్య దూరం, ఫ్లాంజ్ నుంచి మొదటి హ్యాంగర్ (సైలెన్సర్‌ని వేలాడదీసే కడ్డీ) దాకా దూరం, డబ్బా పొడవూ మందమూ. ఫోటోలు పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. ఇవి లేకుండా విజయవాడ ఆటోనగర్‌కి వెళ్తే 'అదే సర్, ఇదే సూటవుద్ది' అన్న మాట నమ్మి తెచ్చుకోవడమే అవుతుంది.

పైపు వ్యాసం పెద్దదైతే పికప్ పెరుగుతుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. మామూలు 1.2 లీటర్ ఇంజన్‌కి అందులో ఏమీ లేదు. శబ్దం పెరుగుతుంది, పెరిగిన శబ్దాన్ని చెవి స్పీడు అనుకుంటుంది. అంతే.

కొట్టు దగ్గర చేసే పరీక్షలు

డబ్బాని రెండు చేతులతో ఎత్తి ఊపండి. లోపల గలగలమంటే అడ్డుపలకలు ఊడిపోయాయి, వద్దు. నీళ్ళు కదిలిన చప్పుడొస్తే ఒంచి పారబోయించండి. తుప్పు నీళ్ళయితే పరవాలేదు, బురద వస్తే అది వరదలో మునిగిన కారుది. ఒండ్రు లోపల గూడు కట్టుకుంటే ఎంత కడిగినా పోదు, చెమ్మని పట్టి ఉంచుతుంది.

తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో అడుగు అతుకు పొడుగునా గట్టిగా నొక్కుతూ వెళ్ళండి. రంగు కొత్తగా నిగనిగలాడుతుంటే ఇంకా గట్టిగా నొక్కండి. మంచి రేకు టంగుమంటుంది, తిన్న రేకు మెత్తగా దిగుతుంది. అడుగున కిందికి ఉండే చోట 2-3 మి.మీ. చిల్లి కనపడితే కంగారు పడకండి. నీళ్ళు పోవడానికి కంపెనీయే పెట్టినది అది. దాన్ని వెల్డింగుతో మూసేసిన డబ్బా అయితే నీళ్ళు లోపలే నిలిచి ఉంటాయి కాబట్టి అదే అనుమానించాల్సింది.

అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదు, మోసం అని చాలామంది వెనక్కి ఇచ్చేస్తారు. 304 రకానికి అంటుకోని మాట నిజమే. కాని కంపెనీ సైలెన్సర్లలో ఎక్కువగా వాడే 409 రకానికి చక్కగా అంటుకుంటుంది, అయినా అది స్టెయిన్‌లెస్సే. అయస్కాంతంతో తేలేది రకం మాత్రమే, మంచి చెడ్డలు కాదు.

టార్చి వేసి లోపలికి చూడండి. ఈ చివర నుంచి ఆ చివరకి జల్లెడ గొట్టం నేరుగా కనిపిస్తే అది గ్లాస్ ఊలు కూరిన రకం. పాతదైతే ఊలు సగం కాలి ఎగిరిపోయి ఉంటుంది, అప్పుడు అది ఉత్త గొట్టం కిందే లెక్క. సెకండ్ హ్యాండ్‌లో ఈ రకం జోలికి పోవద్దు. లోపల గదులున్న డబ్బా తీసుకోండి, చూపు అడ్డుపలక దగ్గర ఆగిపోతుంది.

చివరిది పంక్చర్ షాపులో అయిపోతుంది. ఒక మూతిలో తడిగుడ్డ గట్టిగా కుక్కి, నీటి చిల్లి మీద వేలు పెట్టి, రెండో మూతిలోంచి కంప్రెసర్ గాలి కొద్దిగా వదలమనండి. సర్ఫు నురుగు అతుకుల వెంబడి రాయండి. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ లీకు. ఎక్కువ ప్రెషర్ పెట్టనివ్వకండి, గుడ్డ తూటాలా వచ్చి మొహానికి తగులుతుంది. ఒక్కచోట, అదీ పైపు మీద లీకుంటే వెల్డింగుతో పోతుంది. డబ్బా రేకు మీద మూడు చోట్ల బుడగలొస్తే ఆ రేకు వెల్డింగు వేడికి నిలబడదు, కొత్త చిల్లి పడుతుంది. పైన రాసే ఎపాక్సీ ముద్దలు సైలెన్సర్ వేడికి పొడైపోయేవే, వాటిని నమ్ముకోవద్దు.

క్యాట్‌తో కలిపి అమ్మజూపితే క్యాట్ వద్దనండి. అందులో ప్లాటినం, పలాడియం, రోడియం ఉంటాయి. అందుకే వాటికి దొంగల బెడద. బయటికి వచ్చేది చాలాసార్లు తేనెపట్టు తీసేసిన ఉత్త డొల్ల. దొంగసొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ మీకూ తగులుతుంది. ఏది కొన్నా బిల్లు తీసుకోండి. పార్టు నంబరు, కొట్టు పేరు, తేదీ ఉండాలి. తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టినా ఏమీ లేనిదానికన్నా నయం.

బిగించడం

పాతది విప్పే ముందు, అది లీకు లేకుండా ఉంటే, దాని శబ్దం రికార్డు చేసుకోండి. చుట్టూ మూడు మీటర్ల దూరంలో గోడలు లేని చోట, తోక గొట్టం మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల వాలున ఫోన్ పెట్టి డెసిబెల్ యాప్ తెరిచి, ఇంజన్‌ని ఒకే వేగం దగ్గర, ఉదాహరణకి 2,500 ఆర్పీఎం దగ్గర, పది సెకన్లు నిలపండి. ఫోన్ చూపించే అంకె సరైనదని ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. మీక్కావలసింది ముందుకీ వెనకకీ తేడా. కార్లకి చెప్పే 74 డెసిబెల్స్ అన్నది తయారీ దశలో, నడుస్తున్న కారుకి 7.5 మీటర్ల దూరంలో చేసే పరీక్ష. దాన్ని ఈ అంకెతో పోల్చకండి.

కావలసినవి: కొత్త గ్యాస్కెట్లు (ఫ్లాంజ్‌ల మధ్య లీకవ్వకుండా పెట్టేవి) 2, హ్యాంగర్ రబ్బర్లు మీ కారుకి ఎన్నుంటే అన్నీ కొత్తవి (మామూలుగా 3 నుంచి 5), కొత్త బోల్టులూ నట్లూ స్ప్రింగులూ, తుప్పు వదిలించే స్ప్రే, ఇనుప బ్రష్షు, 12, 13, 14, 15 నంబరు సాకెట్లు, కళ్ళద్దాలు, రెండు జాకీ స్టాండులు. గ్యాస్కెట్‌నీ రబ్బర్లనీ పాతవే వాడి మిగిల్చే డబ్బులు రెండో నెలలో మళ్ళీ విప్పిన కూలికి సరిపోతాయి.

బోల్టులకి స్ప్రే ముందు రోజు రాత్రే కొట్టి వదిలేయండి, పొద్దున్న ఇంకోసారి. మర్నాడు కారు ఎత్తేటప్పుడు మన నేల సంగతి మర్చిపోకండి. ఒండ్రు మట్టి మీద జాకీ నెమ్మదిగా దిగబడుతుంది. జాకీ కింద, స్టాండుల కింద అంగుళంన్నర మందం చెక్క వేయాలి, ముందు చక్రాలకి అడ్డు పెట్టాలి. ఇటుకల మీద నిలబెట్టిన కారు కిందకి ఎవరూ దూరకూడదు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. పిట్ ఉన్న షెడ్డు దొరికితే అద్దె ఇచ్చి అక్కడే చేయించుకోవడం మేలు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక వెనక నుంచి ముందుకి విప్పండి. రబ్బర్లకి సబ్బునీళ్ళు రాస్తే కడ్డీ మీంచి జారి వస్తాయి, నూనె రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. ఫ్లాంజ్ ఊడేటప్పుడు ముందు భాగాన్ని వేలాడనివ్వకండి, తాడుతో కట్టేయండి. ఆ బరువు ఫ్లెక్స్ పైపు మీద పడితే దాని అల్లిక తెగుతుంది, అది మార్చడం వేరే ఖర్చు. బోల్టు విరిగితే అక్కడే గ్యాస్ కట్టర్ వెలిగిస్తానంటే ఒప్పుకోకండి, పెట్రోలు ట్యాంకు మూరెడు దూరంలో ఉంటుంది. యాక్సా బ్లేడుతో కోయడమో, డ్రిల్లు చేయడమో చేయాలి.

ఫ్లాంజ్ మొహాన్ని బ్రష్షుతో మెరిసేదాకా తోమి, కొత్త గ్యాస్కెట్ పెట్టి, డబ్బాని ముందు రబ్బర్లకి తగిలించండి. బోల్టులు చేతితో తిరిగినంతే తిప్పి వదిలేయండి. అన్నీ వదులుగా ఉన్నప్పుడే సరిచూసుకోవాలి. రబ్బర్లు ఏ పక్కకీ లాగినట్టు ఉండకూడదు, నిటారుగా దిగాలి. బాడీకి, బ్రేకు గొట్టాలకి, హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌కి 25 మి.మీ. తగ్గకుండా ఖాళీ. పెట్రోలు లైనుకి చట్టం చెప్పిన 35 మి.మీ. సరిపోయిందో లేదో చూడటానికి ఆ మందం చెక్కముక్క ఒకటి కోసి మధ్యలో తిప్పి చూడండి, తగలకుండా తిరిగితే సరే. కారు ఎత్తి ఉన్నప్పుడు వెనక యాక్సిల్ కిందికి వేలాడుతుంది, దింపాక పైకి వస్తుంది. రెండు స్థితుల్లోనూ పైపు తగలకూడదు. హీట్ షీల్డు రేకుల్ని 'గలగలమంటున్నాయి' అని పీకి పారేయొద్దు, కొత్త స్క్రూ వేయండి. సార్వా కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం, ఎండుగడ్డి పరిచి ఉంటాయి. గడ్డిపరకలు చుట్టుకునేది ఈ పైపులకే, అంటుకునేదీ అక్కడే.

నేల నుంచి ఎత్తు పాత డబ్బా కన్నా తగ్గకూడదు. నరసాపురం-సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించేటప్పుడు ముందు చక్రాలు పైకెక్కి తోక కిందికి దిగుతుంది. నలభై మి.మీ. కిందికి వేలాడే డబ్బా మొదటి ట్రిప్పులోనే అక్కడ గీసుకుంటుంది. మూతి కూడా అసలుది ఎటు తిరిగి ఉందో అటే తిరిగి, బంపర్ అంచు దాటి రావాలి. బంపర్ లోపలే ఆగితే పొగ డిక్కీ సందుల్లోంచి క్యాబిన్‌లోకి చేరుతుంది.

అంతా సరిపోయాక ముందు ఫ్లాంజ్ నుంచి మొదలుపెట్టి వెనక్కి బిగించండి. ఎం8 బోల్టుకి 20-25 న్యూటన్ మీటర్లు, ఎం10కి 40-50 సుమారు లెక్క. మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే వేదం. రెండు బోల్టుల్నీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి, ఒకటి పూర్తిగా బిగించి రెండో దానికి వెళ్తే ఫ్లాంజ్ వంకరపోయి గ్యాస్కెట్ ఒక పక్కే నొక్కుకుంటుంది.

హ్యాంగర్ కడ్డీ మార్చడానికి వెల్డింగు తప్పకపోతే డబ్బాని కిందికి దింపి బయట చేయించండి. కారు మీదే చేయక తప్పని పరిస్థితైతే బ్యాటరీ నెగటివ్ విప్పి, వెల్డింగు ఎర్త్‌ని అతికే చోటికి జానెడు దూరంలోనే తగిలించాలి. ఎర్త్ ఎక్కడో బంపర్‌కి తగిలిస్తే కరెంటు సెన్సర్ల తీగల గుండా దారి వెతుక్కుంటుంది. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ఖరీదు అందరికీ తెలిసిందే.

స్టార్ట్ చేశాక

బయట, గాలి ఆడే చోట. మొదటి పది నిమిషాలు సన్నగా పొగ, నూనె మాడిన వాసన వస్తాయి, అవి చేతి మరకలు. తడిగుడ్డ చుట్టి తోక గొట్టాన్ని రెండు సెకన్లు మూయండి. లీకు ఉంటే అతుకుల దగ్గర బుస్సుమంటుంది, లేకపోతే ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఈ బుస్సుని తేలిగ్గా తీసుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. ఏసీ వేసుకుని అద్దాలు మూసుకుని వెనక సీట్లో పిల్లలు నిద్రపోయే ప్రయాణంలో అది లోపలికి చేరితే ఎవరికీ తెలియదు.

వేడెక్కాక పాత చోటే, పాత వేగం దగ్గర శబ్దం మళ్ళీ కొలవండి. తేడా 3 డెసిబెల్స్ దాటితే ఆ డబ్బా మీ కారుకి కాదు. డాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలిగిందా అనీ చూడండి. స్కానర్‌లో పీ0420 అనే కోడు వస్తే క్యాట్ పని తగ్గిందని కారు అనుకుంటోంది. వెంటనే క్యాట్ మార్పించేయకండి, ముందు సెన్సర్ల దగ్గరి అతుకుల్లో లీకు వెతకండి. అక్కడ పీల్చుకున్న గాలి సెన్సర్‌ని తప్పుదారి పట్టిస్తుంది.

అదే వారంలో పొల్యూషన్ పరీక్ష చేయించండి, పాత సర్టిఫికెట్‌కి ఇంకా గడువున్నా సరే. బీఎస్-4, బీఎస్-6 పెట్రోలు కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. 2,500 ఆర్పీఎం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ళు చెప్పే అంకె) 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. ఈ లాంబ్డా దగ్గరే చాలా సైలెన్సర్లు దొరికిపోతాయి. చిన్న లీకులోంచి బయటి గాలి కలిస్తే ఇంజన్ బాగున్నా అంకె 1.03 దాటిపోతుంది. బీఎస్-4 డీజిల్ కారుకి పొగ చిక్కదనం పరిమితి మీటరుకి 1.62. గొట్టంలోకి ప్రోబు అడుగు లోతు దిగాలి. మూతికి అలంకారంగా జాలీ బిగించి ఉంటే అది దిగదు, తీసేయండి. ప్రింటు కాగితంలో అంకెలున్నది అడిగి తీసుకోండి.

ఆ కాగితం, బిల్లు, బిగించిన తర్వాతి ఫోటోలు, శబ్దం రికార్డు అన్నీ ఫోన్లో ఒకచోట పెట్టుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి 'పాడైన మఫ్లర్ స్థానంలో ఫలానా పార్టు వేశాను' అని ఒక మెయిలు చాలు. రేపు క్లెయిము వేళ సర్వేయర్ అడిగితే చూపించడానికి అది ఉంటుంది. వారంటీలో ఉన్న కారైతే ఈ పని అసలు పెట్టుకోవద్దు. రోడ్డు మీద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే ఇంజన్ రేజ్ చేసి చూపించమంటాడు. మామూలుగా ఒకసారి రేజ్ చేయండి, అంతే.

100 కిలోమీటర్లు తిరిగాక చల్లగా ఉన్నప్పుడు బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి సరిచూడండి, కొత్త గ్యాస్కెట్ వేడికి కొంచెం దిగుతుంది. అడుగున కొట్టే తారు కోటింగ్ పైపులకి తగలనివ్వకండి, వారం రోజులు కారంతా మాడు కంపు. ఉప్పు చెరువుల దారిన వెళ్ళొచ్చిన రోజు కింద మంచినీళ్ళు కొట్టండి. పది రోజులకోసారైనా అరగంట ఆగకుండా నడపండి, లోపలి నీరు ఆవిరైపోతుంది. వానలు మొదలయ్యే ముందు ఆ చిన్న నీటి చిల్లిలో సన్న తీగ దూర్చి, మూసుకుపోకుండా చూసుకోండి.